చదవకుండా తిప్పేసిన పేజీలు

“ఆగండి. రెండు పేజీలు ఒక్కసారే తిప్పిన్రు,” అంది గౌరి.

చైతు తడబడ్డాడు. “లేదండీ... అతుక్కుపోయాయి.”

“అతుక్కుంటే విడదీసేటోళ్లు కద!”

దేశ రాజధానిలోని ముఖర్జీ నగర్‌లో లైబ్రరీ వరండా. బయట వాన. చూపులేని గౌరి కరీంనగర్ నుంచి వచ్చి సివిల్స్‌కు చదువుతోంది. కాకినాడ చైతుదీ అదే చదువు. ఆమెకు పుస్తకాలు చదివిపెడతానని ఈమధ్యే ఒప్పుకున్నాడు.

ఈరోజు ఆమె ఇచ్చింది పాఠ్యపుస్తకం కాదు. ఆడవాళ్ల ఒంటి గురించి, నెలసరి గురించి, సుఖవ్యాధుల గురించి చెప్పే చిన్న పుస్తకం. ఆదివారం ఘాజియాబాద్‌లోని అంధ బాలికల హాస్టల్లో ఆమె క్లాసు చెప్పాలి. అక్షరాలైతే ఫోను చదివిపెడుతుంది. బొమ్మలను మాత్రం ఎవరైనా చూసి చెప్పాల్సిందే.

“అవి మగాడు చదివి వినిపించేవి కాదండీ. అయినా మీకు వాటితో...” చైతు మాట మింగేశాడు.

“ఏం పని అంటరు, అంతే కద? మా అమ్మ గట్లనే అనుకున్నది. హాస్టల్ల భావనకు పందొమ్మిదేండ్లు. కింద మంటని నెలల తరబడి ఎవ్వరికి చెప్పలే, పాపం తగిలిందనుకున్నది. మందులతోటి పోయే ఇన్ఫెక్షన్ అది. జ్వరమొచ్చి పడిపోయినంకనే డాక్టర్ దగ్గరికి తీస్కపోయిన్రు. చూపు లేకుంటే ఒళ్లు కూడ ఉండదా, చైతు గారూ?”

పుస్తకం తీసుకుని వానలోనే వెళ్లిపోయింది.

రెండు రోజులు అతని కబురు లేదు. కోపం తగ్గకముందే ఆ గొంతు కోసం చెవులు ఎదురుచూస్తున్నందుకు గౌరికి తన మీద తనకే చిరాకేసింది.

శనివారం చైతు వచ్చాడు. “మా అక్క నర్సండీ. ఫోన్ చేసి అన్నీ అడిగాను. ముందు తిట్టింది, తర్వాత చెప్పింది. బొమ్మల్ని మాటల్లో చెప్పడం కుదర్లేదు, మట్టితో చేశాను.”

గౌరి వేళ్లతో తడిమింది. “గర్భసంచి ఇంత చిన్నగుంటదా?”

“పిడికిలంతేనంట.”

అతను పేజీలు చదువుతుంటే, మొదట తడబడిన మాటలు మెల్లగా కుదుటపడ్డాయి. తన ఒంటి రూపం ఇన్నేళ్లకు తెలిసినందుకు గౌరి కళ్లు తడిశాయి.

ఆదివారం క్లాసులో ముందు కిసకిస నవ్వులు, తర్వాత నిశ్శబ్దం, ఆ తర్వాత ప్రశ్నలు. భావన మట్టిబొమ్మను చాలాసేపు పట్టుకుని కూర్చుంది. “ఇందులో పాపమేముంది, దీదీ?” అని హిందీలో అడిగి ఏడ్చేసింది. గౌరి ఆమెను గుండెకు హత్తుకుంది.

గేటు బయట చైతు ఎదురుచూస్తున్నాడు.

“గౌరి గారూ, మీరంటే నాకిష్టం.”

“జాలా?”

“జాలి మొదట్లో ఉండేదండీ. మీరు కోప్పడి వెళ్లాక భయమే మిగిలింది, మళ్లీ మాట్లాడరేమోనని.”

గౌరి అతని గొంతు వైపు తిరిగింది. “మా అమ్మకు నేనే చెప్త. నడుమ మీరు మాట్లాడొద్దు.”

“ఠీక్ హై... అంటే, మీకూ ఇష్టమేనా?”

ఆమె నవ్వి, దారి తడుముకునే చేతికర్రను మడిచి బ్యాగులో పెట్టింది. అతని మోచెయ్యి అందుకుంది.

“మెట్రో దాక నడుద్దాం పా. నిమ్మలంగ.”