సంతకం అయ్యేదాకా

ఆ శనివారం వర్షం ముహూర్తం పెట్టుకున్నట్టు సరిగ్గా తొమ్మిదింటికే మొదలైంది.

మారెన్ టాలివర్ నెల రోజులుగా ఏర్పాట్లు చేసింది గానీ వర్షానికి ఏ ఏర్పాటూ లేదు. ప్రెయిరీ హిల్ కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టులో ఆమె ఆడదు, ఆట నేర్పదు. అయోవా మొక్కజొన్న చేల మధ్య ఏ హైస్కూల్లోనో బంతి బాగా తిప్పే అమ్మాయి ఉందంటే చాలు, వీడియోలు చూసి, ఉత్తరాలు రాసి, ఫోన్లు చేసి, కాలేజీ చూడటానికి రప్పించి, "నేనిక్కడే చేరతాను" అని ఆ పిల్ల సంతకం పెట్టేదాకా ఆమెదే బాధ్యత. ఆరేళ్ళుగా ఈ పని చేస్తోంది. బాగా చేస్తుందని ఆమెకి తెలుసు. తెలియనట్టు నటించే ఓపిక ఆమెకి లేదు.

ఈసారి వచ్చిన పిల్ల లీడియా వావ్రా. పదిహేడేళ్ళు, ఆరడుగుల రెండంగుళాలు. మారెన్ ఐదడుగుల ఒక్క అంగుళం. కారు దిగుతున్న లీడియాకి గొడుగు పట్టాలని మునివేళ్ళ మీద లేచింది. గొడుగు లీడియా చెవి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఇలా ఇవ్వండి మేడమ్. మీరు పట్టుకుంటే మా చెల్లికి కన్ను పోయేట్టుంది" అంటూ ఎవరో గొడుగు లాక్కున్నారు.

లీడియా అన్న ఎమిల్. ముప్ఫై ఏళ్ళుంటాయి. తల్లీ తండ్రీ పోయాక ఊళ్ళో వాళ్ళ బేకరీనీ, ఇంట్లో చెల్లెలినీ చూసుకుంటున్నది అతనే. పిండి పిసికి పిసికి గట్టిపడిన చేతులు, ఎవరినీ ఒక పట్టాన నమ్మని కళ్ళు. ఆ కళ్ళు బాగున్నాయని మారెన్‌కి అప్పుడే అనిపించింది. పనిలో ఉన్నాను కదా అని సర్దుకుంది.

"పెపీక్ కాలు ఇప్పుడెలా ఉందండీ?" అని పలకరించింది.

ఎమిల్ నడక ఆగిపోయింది. "మా కుక్క కాలు సంగతి మీకెవరు చెప్పారు?"

"లీడియా పెట్టిన వీడియోలో చూశాను. ముందు కాలు. కట్టు కట్టింది కూడా తనే."

"ఇంకా ఏమేం తెలుసు?"

"మీ బేకరీకి మంగళవారం సెలవు. మీ చెల్లికి ఉల్లిపాయ పడదు. మీకు కోచ్‌లు పడరు."

"మీరు కోచా?"

"కాదండీ."

"బతికిపోయారు."

లీడియా ఇద్దరి తలల మీదుగా ఆకాశం వంక చూస్తూ నవ్వు ఆపుకుంది.

ఆ రోజంతా ఎమిల్ ప్రశ్నలు వేస్తూనే ఉన్నాడు. మోకాలు దెబ్బతింటే స్కాలర్‌షిప్ ఉంటుందా? ఓడిపోయిన రోజు కోచ్ ఎలా మాట్లాడుతుంది? హాస్టల్లో అన్నం ఎవరు వండుతారు? మారెన్ ఏదీ దాచకుండా చెప్పింది. సాయంత్రం, ఖాళీ కోర్టు పక్కన, అతను ఆమెని ఎగాదిగా చూసి, "మీరెప్పుడైనా ఆడారా?" అన్నాడు.

"హైస్కూల్లో ఆడానండీ. ఈ పొట్టిపిల్ల ఏం చేస్తుందిలే అని నన్ను గాలికి వదిలేసేవాళ్ళు. పాపం, స్కోరు బోర్డు చూసుకున్నాక ఏడ్చేవాళ్ళు."

ఎమిల్ నవ్వాడు. చిన్న నవ్వు కాదు, ఖాళీ కోర్టంతా వినపడే నవ్వు. మారెన్‌కి ఆ క్షణంలో జట్టు గుర్తు రాలేదు, కోచ్ గుర్తు రాలేదు.

ఆ తర్వాత ప్రతి గురువారం నాలుగింటికి ఎమిల్ నుంచి ఫోన్. మొదటివారం లీడియా మార్కుల గురించి మాట్లాడుకున్నారు. మూడోవారానికి లీడియా సంగతి రెండు నిమిషాల్లో అయిపోయి, గసగసాల ముద్ద ఎంతసేపు ఉడకాలన్న దాని మీద నలభై నిమిషాలు నడిచింది.

"ఫోన్లో చెబితే మీకేం అర్థమవుతుంది? ఓసారి మా కొట్టుకి రండి. గసగసాల కోలాచె బన్ను పొయ్యిలోంచి తీసి వేడివేడిగా పెడతాను" అన్నాడు ఎమిల్.

"రాకూడదండీ. మా కోచ్‌లు రావచ్చు. నాలాంటి ఆఫీసు వాళ్ళు కాలేజీ బయట మిమ్మల్ని కలవకూడదు. లీడియా ఎక్కడో ఒకచోట సంతకం పెట్టేదాకా అంతే. రూలు."

"ఒక బన్ను తినడానికి కూడా రూలా?"

"బన్నుతో పాటు మీరూ ఉంటారు కదా."

అన్నాక నాలుక కరుచుకుంది.

"నవంబర్‌లో కదూ సంతకాలు?" అన్నాడు ఎమిల్.

"అవునండీ."

"క్యాలెండర్లో గుర్తు పెట్టుకుంటాను."

ఆ రోజు మారెన్ ఆఫీసు నుంచి ఇంటికి నడిచి వెళ్ళిందో తేలుతూ వెళ్ళిందో ఆమెకే తెలియదు.

అక్టోబర్ మధ్యలో, గురువారం కాని రోజున, ఫోన్ మోగింది.

"మారెన్ గారూ, మీ దగ్గర ఒక కాగితం తగ్గిందా?"

ఎమిల్ గొంతు వేరుగా ఉంది. మారెన్ లేచి నిలబడింది.

వాళ్ళ ఆఫీసులో ప్రతి పిల్లకీ ఒక కాగితం ఉంటుంది. పైన మొదటి ప్రశ్న 'ఇంట్లో మాట ఎవరిది?' దాని కింద నింపింది మారెనే. ఆ కాగితం కోచ్‌ల ఫోల్డర్‌లోకి పోవాలి. కోచ్‌ల ఫోల్డరూ నీలమే, వచ్చినవాళ్ళకి ఇచ్చే ఫోల్డరూ నీలమే. ఎమిల్ హాస్టల్ వివరాల కోసం తమ ఫోల్డర్ వెనక అర వెతికితే ఇది దొరికింది.

"చదువుతాను, వినండి. 'ఇంట్లో మాట అన్నయ్యది. మొండి ఘటం. నవ్వడు. నవ్విస్తే పిల్ల మనదే.' మీ చేతిరాతేనా?"

"నాదే."

"ఐదు గురువారాలు నవ్వానండీ. సరిపోయిందా? ఇంకో నాలుగు నవ్వమంటారా?"

"ఎమిల్ గారూ, అది మిమ్మల్ని చూడకముందు రాసింది."

"చూశాక ఏం రాశారు?"

"చూశాక రాయడం మానేశాను."

"భలే ఉందండీ ఈ మాట. రాసి పెట్టుకోండి, ఇంకో పిల్ల అన్నకి పనికొస్తుంది."

ఫోన్ పెట్టేశాడు. మారెన్ కుర్చీలో కూలబడింది. ఆరేళ్ళలో ఎందరో తల్లులు, తండ్రులు, మేనత్తలు ఆమెతో నవ్వుతూ మాట్లాడారు. వాళ్ళు ఫోన్ పెట్టేస్తే ఆమెకి ఒక ప్లేయర్ పోయేది, అంతే. ఇప్పుడు ప్లేయర్ పోలేదు, అయినా ఫోన్ చేతిలోంచి దించలేకపోయింది. ప్రేమించాను, అనుకుంది. ఆ మాట పైకే అనేసి, ఒప్పేసుకుంది. ఒప్పుకుని ఏం లాభం? లీడియా ఇక్కడ సంతకం పెడితే, తనని నవ్వించింది ఇందుకేనని ఎమిల్ బతికినన్నాళ్ళూ అనుకుంటాడు. పెట్టకపోతే ఆఫీసులో తన పరువు పోతుంది.

తర్వాతి గురువారం ఫోన్ మోగలేదు.

సంతకాలకి వారం ఉందనగా లీడియానే చేసింది.

"మారెన్ గారూ, అన్నయ్య ఏమీ చెప్పట్లేదు. నీ ఇష్టం అంటున్నాడు, అంతే. మిమ్మల్ని ఒకటి అడగనా? నేను మీ సొంత చెల్లెల్ని అయితే ఎక్కడ చేరమంటారు?"

ఈ ప్రశ్నకి ఆఫీసులో తయారుగా ఉన్న జవాబు మారెన్‌కి నిద్రలో కూడా వచ్చు.

"ముందు నువ్వు చెప్పు. ఆట అయిపోయాక ఏం కావాలనుకుంటున్నావు?"

"పశువుల డాక్టర్. మీ దగ్గర బయాలజీ ఉంది కదా?"

"ఉంది. ఆవుని చూడాలంటే మాత్రం బస్సెక్కాలి. నిన్ను పిలుస్తున్న ఆ పెద్ద యూనివర్సిటీలో పశువుల ఆసుపత్రే ఉంది." మారెన్ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "అక్కడికే వెళ్ళు లీడియా. మా జట్టుకి నువ్వు కావాలి. నీకు మాత్రం ఆ ఆసుపత్రి కావాలి."

"మీ కోచ్ తిట్టరూ?"

"తిడుతుంది. నేను చూసుకుంటాను."

కోచ్ రౌండ్‌ట్రీ నిజంగానే తిట్టింది. ముప్ఫై ఏళ్ళుగా అమ్మాయిల మీద విజిల్ ఊదిన మనిషి, గొంతు ఆఫీసు గోడలకి ఆగదు.

"రెండేళ్ళు! రెండేళ్ళు ఆ పిల్ల వెంట తిరిగాం. నువ్వు ఒక్క ఫోన్లో పక్కవాళ్ళకి అప్పజెప్పేశావా?"

"ఆ పిల్ల ఇక్కడ చేరితే రెండో ఏడు వెళ్ళిపోయేది కోచ్. అప్పుడు మనం ఇంకా ఎక్కువ తిట్టుకునేవాళ్ళం."

కోచ్ కళ్ళద్దాలు తీసింది. "నిజం చెప్పు. ఆ బేకరీవాడి కోసం చేశావా ఇదంతా?"

"బేకరీవాడు నాతో మాట్లాడి మూడు వారాలైంది. ఎవరి కోసం చేసినా ఆ పిల్లకి అదే చెప్పేదాన్ని."

"మరి నాకు ఆ పిల్ల బదులు ప్లేయర్ ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"ఇద్దరిని చూసి పెట్టాను. వచ్చే శనివారం ఒకమ్మాయి వస్తోంది. మీకు నచ్చుతుంది."

కోచ్ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. "నచ్చకపోతే అప్పుడు చెబుతాను నీ సంగతి. ఫో."

బుధవారం పదింటికి, వేరే యూనివర్సిటీ ఎర్ర టోపీ పెట్టుకుని సంతకం చేస్తున్న లీడియా ఫోటో వచ్చింది. మారెన్ ఫోటో చూసింది, రూలు పుస్తకం తీసి ఆ పేజీ రెండుసార్లు చదివింది, కోటు వేసుకుని కారెక్కింది. ఉత్తరం రాయలేదు, ఫోన్ చేయలేదు. రెండున్నర గంటల దారిలో ఒక్కసారి కూడా కారు వెనక్కి తిప్పాలనిపించలేదు.

బేకరీలో వరస తలుపు దాకా ఉంది. ఊరి పిల్లకి సీటొచ్చిందని అందరూ బన్నులు కొంటున్నారు. మారెన్ వరసలో నిలబడలేదు. నేరుగా బల్ల ముందుకి వెళ్ళింది. చేతినిండా పిండితో ఎమిల్ తలెత్తాడు.

"సంతకం అయిపోయిందండీ" అన్నాడు తడబడుతూ. "మీ కాలేజీకి కాదు."

"తెలుసు. అందుకే వచ్చాను."

ఎమిల్ చేతులు తుడుచుకోవడం మర్చిపోయాడు.

"ఇప్పుడు ఈ కొట్టులో మా జట్టుకి కావలసింది ఏదీ లేదు" అంది మారెన్. "నాకు కావలసింది ఉంది. రూలు పుస్తకం చూసే వచ్చాను. మీ గురించి అందులో ఇక ఒక్క ముక్క కూడా లేదు."

అందరికంటే ముందు నిలబడ్డ ముసలావిడ కొపెట్స్కీ గారికి చెవులు సరిగా వినపడవు.

"ఏం కావాలట ఎమిల్, ఆ అమ్మాయికి?"

ఎమిల్ చెవులు ఎర్రబడ్డాయి. "నేనటండీ."

"అయితే త్వరగా తేల్చు. నా వెనక తొమ్మిదిమంది ఉన్నారు."

ఎవరో పక్కున నవ్వారు. ఎమిల్ బల్ల మీదికి వంగాడు.

"అక్కడ చేరమని మీరే అన్నారట. లీడియా నిన్న చెప్పింది. అప్పట్నుంచి ఫోన్ తీస్తున్నాను, పెడుతున్నాను. తప్పు నాదే. కానీ క్షమాపణ చెప్పడం నాకు రాదు."

"రానిదాన్ని రప్పించడమే కదండీ నా ఉద్యోగం."

ఎమిల్ బల్ల చివర పలక పైకెత్తి దారి ఇచ్చాడు.

"లోపలికి రా, మారెన్."

గారు లేదు, అండీ లేదు. మారెన్ వెళ్ళింది.

కొపెట్స్కీ గారు తన బన్నులు తనే ఏరుకుని సంచిలో వేసుకున్నారు. మారెన్ నీలం కోటు వీపు మీద అచ్చుపడిన రెండు తెల్లటి చేతుల్ని ఆ పూట ఊరంతా చూసింది. మర్నాడు పొద్దున్న ఆఫీసులో కోచ్ చెప్పేదాకా ఆమెకి మాత్రం తెలియలేదు.