బల్ల కింద దొరికిన కటారి

"మా ఆయనంత అబద్ధాలకోరు ఇంకొకడు ఉండడండీ. చెయ్యి తెగింది మాత్రం నిజం."

డిటెక్టివ్ ఇంటి గుమ్మంలోంచే అనేసింది ఆవిడ. మంచినీళ్లు తాగాక సంగతంతా చెప్పింది. ఆమె తమ్ముడు కత్తులు చేస్తాడు, భర్త దుకాణంలో కూర్చుని అమ్ముతాడు. పూర్వం యోధులు వాడిన కటారిని చూసి తమ్ముడు ఈ కాలానికి తగ్గట్టు కొత్తది చేశాడు. నల్లటి ఉక్కు, పిడికిట్లో ఇమిడే అడ్డపిడి. జనం ఎగబడి కొంటున్నారు. ఆ నమూనా తన పేర రాసిమ్మని బావ ఒకటే పోరు. పొద్దున బావమరిది కటారితో తన ముంజెయ్యి కోశాడని ఫిర్యాదు ఇచ్చాడు. నెత్తురంటిన కటారి తమ్ముడి పనిబల్ల కిందే దొరికింది.

"రాసిస్తే కేసు వదులుకుంటాట్ట. లేకపోతే సాయంత్రం వాణ్ణి పట్టుకుపోతారు."

ఊరంతా 'డేగ' అని పిలిచే ఆ డిటెక్టివ్ చెప్పులేసుకున్నాడు. అసిస్టెంటు వెనకాలే పరిగెత్తాడు.

వర్క్‌షాపంతా ఇనుప రజను, మసి. తమ్ముడు స్టూలు మీద, పక్కన కానిస్టేబులు. పిడి బిగించిన కటారులు బల్ల మీద నిగనిగలాడుతున్నాయి. డేగ ఒకదాని అంచు మీద బొటనవేలు గట్టిగా రాశాడు.

"సార్, తెగుతుంది!" అరిచాడు అసిస్టెంటు.

"తెగలేదుగా."

"పిడి బిగించేటప్పుడు బ్లేడు గుప్పిట పట్టుకోవాలండీ," అన్నాడు తమ్ముడు. "అందుకే పదును అన్నిటికన్నా చివర పెడతా. పెట్టగానే దుకాణానికి పంపేస్తా."

"దొరికిన కటారి చూశావా?"

"ఎవరు చూపించారు? గుడ్డలో చుట్టి పట్టుకుపోయారు."

దుకాణంలో బావ కట్టు కట్టిన చేత్తో మూలుగుతున్నాడు.

"నా ఇంటి తిండి తిన్న కుర్రాడు, ఇక్కడే నిలబెట్టి కోశాడండీ!"

"కుర్రాడేమిటి, వాడికి తల నెరిసింది," అంది వెంట వచ్చిన భార్య.

డేగ కట్టు విప్పించాడు. గాయం స్కేలు పెట్టి గీసినట్టు సన్నగా ఉంది.

"వర్క్‌షాపుకి వెళ్తుంటారా?"

"ఆ మసిలోకా? నాకెందుకండీ ఆ కర్మ? తయారైన సరుకు నా దగ్గరికే వస్తుంది."

డేగ అక్కడున్న, అట్టపెట్టెలు కోసే కట్టరుని రుమాలుతో తీసి జేబులో వేసుకున్నాడు. ఎందుకో అడగబోయి అసిస్టెంటు నోరు మూసుకున్నాడు. ఈ మనిషిని మధ్యలో అడిగితే చెప్పడు.

సాయంత్రం అందరూ వర్క్‌షాపులో చేరారు. డేగ ఇన్‌స్పెక్టరుకి ఒక కాగితం ఇచ్చాడు.

"బల్ల కింద దొరికిన ఆ కటారితో దీన్ని కోయండి."

ఇన్‌స్పెక్టరు రెండుసార్లు లాగాడు. కాగితం నలిగి ముద్దయింది గానీ తెగలేదు.

"దీనికి మొన ఉంది, పదును లేదు," అన్నాడు డేగ. "కాగితాన్నే కోయలేనిది చేతిని అంత నున్నగా ఎలా కోసింది? పదునున్నవన్నీ దుకాణంలోనే ఉన్నాయి. అక్కడిది వాడితే అనుమానం తన మీదికే వస్తుందని, బావగారు ఎవరూ లేనప్పుడు వచ్చి ఈ బల్ల మీదది తీశారు. నిగనిగలాడుతోంది కదా, పని పూర్తయిందనుకున్నారు. పని జరుగుతుండగా ఏనాడూ తొంగిచూడని మనిషికి అంతకన్నా ఏం తెలుస్తుంది? ఈ కట్టరుతో తన చెయ్యి తనే కోసుకుని, ఆ నెత్తురు దానికి పూసి బల్ల కింద పడేశారు. చూడండి, కట్టరు సందులో నెత్తురు ఎండిపోయి ఉంది."

బావ తల దించుకున్నాడు.

"ఇక నువ్వు వెళ్లొచ్చయ్యా," అన్నాడు ఇన్‌స్పెక్టరు తమ్ముడితో. కానిస్టేబులు చెయ్యి ఈసారి బావ భుజం మీద పడింది.

తమ్ముడు స్టూలు మీంచి లేచి గట్టిగా ఊపిరి వదిలాడు.

"ఏమే, చెయ్యి మండిపోతోందే," అన్నాడు బావ.

"మందు వాళ్లే రాయిస్తార్లెండి. మావాడు పొద్దున్నుంచి ఏమీ తినలేదు," అని ఆవిడ తమ్ముడి చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టింది.