బతికుండగా చల్లిన మట్టి

మిట్టమధ్యాహ్నం... సూర్యుణ్ణి చీకటి మింగుతున్న వేళ!

పడమటి దొరల సీమలో సోన్ నది నల్లబడింది. ద్రాక్షతోటల్లో పిట్టలు గూళ్ళకు తిరిగాయి. మోంక్లార్ కోట పాత బురుజు మీద పట్టపగలు గుడ్లగూబ కూసింది. ఎక్కడో ఉరుము... దిక్కులు దద్దరిల్లేలా!

బురుజు అడుగున నేలమాళిగలో, రక్తంతో గీసిన వలయం మధ్య ముసుగు కప్పుకున్న ఆడమనిషి కూర్చుంది. ఎదురుగా కపాలం. దాని కనుగుంటల్లో నల్లకొవ్వొత్తులు. ఆ వెనుక గోంత్రాన్... పేరుకు కోట దొర గారి వైద్యుడు, నిజానికి ఘోర మాంత్రికుడు! ఏడేళ్ళకొక సజీవ ప్రాణాన్ని పిశాచానికి ఆహుతి ఇస్తానని నెత్తురుతో రాసిచ్చినవాడు. గ్రహణం విడిచేలోగా ఇవ్వలేకపోతే ఆ ఆహుతి తానే!

ఈసారి వాడి కన్ను కోటలో బట్టలుతికే మబీల్ మీద పడింది. "ముసుగు తియ్యకుండా బురుజులోకి రా. ఎవరితోనైనా అన్నావో, మంత్రగత్తెవని నిన్ను తగలబెట్టిస్తా" అన్నాడు.

కానీ ముసుగులో ఉన్నది మబీల్ కాదు. ఆ పిల్ల తల్లి హెల్విస్.

ఏడేళ్ళ కిందట హెల్విస్ ఒంటి మీద కుష్ఠు మచ్చలు కనిపించాయి. ఆచారం ప్రకారం ఆమెను చర్చిలో నల్లగుడ్డ కింద పడుకోబెట్టి, చచ్చినవాళ్ళకు చదివే ప్రార్థనంతా చదివి, సమాధుల మట్టి తెచ్చి నెత్తిన చల్లారు. "ఇవాళ్టితో లోకానికి నువ్వు చచ్చిపోయావు తల్లీ" అన్నాడు పాదిరి. దారిలో జనం తప్పుకోవడానికి ఆమె చేతికొక చెక్క గిలక్కాయ ఇచ్చి ఊరి బయటకు తోలారు. పాడు ఆచారం! పదేళ్ళ బిడ్డను కడసారి ముద్దుపెట్టుకోనివ్వలేదు.

నిన్న మబీల్ తల్లి గుడిసెకు పది అడుగుల దూరంలో నిలబడి ఏడ్చింది.

"ఏడేళ్ళ కిందట ఇలాగే పిలిస్తే వెళ్ళిన పాలామె తిరిగి రాలేదటే అమ్మా!"

"ఆ ముసుగు అక్కడ పడేసి పో. నేనెళ్తా."

"నువ్వు చచ్చిపోతావే..."

"ఎన్నిసార్లు చస్తానే పిచ్చిదానా? ఓసారి చచ్చాగా!"

పైకి నవ్వింది గానీ లోపల లెక్క వేసుకుంది. పాదిరి మాట నిజమైతే పిశాచానికి తనలో ప్రాణం దొరకదు. అబద్ధమైతే తన ప్రాణం పోతుంది. మరి ఏడేళ్ళు కన్నబిడ్డను ముట్టుకోకుండా బతికింది ఎందుకోసం?

"రా, చీకటి రాజా! సజీవ స్త్రీ ప్రాణం... ఆరగించు!" నేలమాళిగలో గోంత్రాన్ గర్జించాడు.

భూమి కంపించింది. కపాలం పళ్ళు టకటకలాడాయి. చల్లనిదేదో హెల్విస్ నోట్లోంచి లోపలికి దూరి, పేగుల్ని మెలిపెట్టి, ఎముక ఎముకనూ తడిమింది. ఆర్తనాదం... రాతిగోడలు పగిలేంత ఆర్తనాదం!

"కేకలెయ్యవే, బాగా కేకలెయ్! పైదాకా వినపడవులే!" వాడు వికటంగా నవ్వాడు.

కేక ఠక్కున ఆగింది. హెల్విస్ నోట బొంగురు మగగొంతు...

"ఒరే గోంత్రాన్! ఇదేం విందురా? దీని నెత్తిన సమాధి మట్టి ఉంది. దీనికి చావు ప్రార్థన చదివేశారు. చచ్చినదాన్ని పెడతావా నాకు?"

ముసుగు జారింది. వేళ్ళు రాలిన చేతులు... ముక్కు కరిగిన ముఖం! గోంత్రాన్ నేల మీద సాగిలపడ్డాడు.

"పొరపాటు ప్రభూ! ఆ పిల్లను ఇప్పుడే ఈడ్చుకొస్తా... ఒక్క గడియ..."

పైనున్న గవాక్షంలోంచి నూలుపోగంత ఎండ కపాలం మీద పడింది.

"గడువైపోయిందిరా."

పిశాచం హెల్విస్‌ను వదిలి, గోంత్రాన్‌ను వేలికొసల దగ్గర మొదలుపెట్టి తీరిగ్గా తిన్నది. వైద్యుడు కదా, ఏ నరం తెగితే ఎంత నొప్పో వాడికి ముందే తెలుసు! హెల్విస్ కళ్ళు తిప్పుకోలేదు. ఆమెకు జాలి కలగలేదు. కాసేపటికి కపాలం పక్కన ఇంకో కపాలం మిగిలింది, ఇంకా వేడిగా.

హెల్విస్ బయటికొచ్చేసరికి ఎండ కాస్తోంది. "అమ్మా!" మబీల్ చేతులు చాచి పరిగెత్తుకొస్తోంది. హెల్విస్ చేతులు కూడా వాటంతటవే లేచాయి. అంతలో ఆమెకు గుర్తొచ్చింది. లోకానికి తాను చచ్చిపోయిందన్న పాదిరి మాట నిజమేనని తేలిపోయింది. అబద్ధమేమో అనుకునే ఆశ కూడా ఇక లేదు.

"ఆగవే! దగ్గరికి రాకు!"

ఏడుస్తూ, దుస్తుల్లో దాచిన గిలక్కాయ తీసి మోగిస్తూ ఊరి బయటకు నడిచింది.