చిస్పా మనసు మారేదాకా

"నా తిసోన్‌కి ఏం తక్కువని మీ చిస్పా అలా మీద పడింది?" ఒవిదియో తన కుక్క చెవి తడుముతూ గయ్యిమన్నాడు.

"తక్కువని కాదు. ఇంకా టైముందని చెప్పింది," అంది యాస్నా, కంచెకి ఆనుకుని. "నీ కుక్కకి తొందర. నీకు అంతకన్నా తొందర."

"ఎదకొచ్చిందని కబురు పెట్టింది నువ్వేగా?"

"వచ్చింది. ఇంకా ఒప్పుకోలేదు. రెండూ ఒకటి కాదు బాబూ!"

ఒవిదియో నది అవతలి గొర్రెల ఎస్టేటుకి కొత్త కాపరి. ఉన్ని కత్తిరింపుల సీజనుకని చిలోయె దీవి నుంచి వచ్చాడు. ఇవతలి చిన్న ఫారంలో యాస్నా, వాళ్ల నాయనమ్మ ఎర్సీరా ఉంటారు. యాస్నా తాత పెంచిన గొర్రెకుక్కల సంతతిలో మిగిలింది చిస్పా ఒక్కతే. దానికీ వయసు మీద పడుతోంది. ఈసారి పిల్లలు పుట్టకపోతే ఆ వంశం అక్కడితో సరి. అందుకే యాస్నా ముక్కూమొహం తెలియని మనిషిని మగకుక్క కోసం అడిగింది.

మర్నాడు కుక్కలు రెండూ గడ్డిలో పరుగులు పెట్టాయి. తిసోన్ దగ్గరికి రాగానే చిస్పా చతికిలబడింది.

"చూశావా, ఎర్రగా కారుతోంది. ఆ రంగు పలచబడాలి. అప్పుడు తనే నిలబడి తోక పక్కకి తిప్పుతుంది," అంది యాస్నా, మాటే ఆకుల వేడి టీ గిన్నె అందిస్తూ.

"మనమే పట్టుకుని నిలబెడితే?"

"నిన్నెవరైనా మెడ పట్టుకుని చర్చిలో పెళ్లికి నిలబెడితే?"

"అది అమ్మాయిని బట్టి," అన్నాడు ఒవిదియో.

యాస్నా చెవులు ఎర్రబడ్డాయి. చలిగాలికే అనుకుందాం.

ఆ తర్వాత ఒక వాన రోజున చిస్పా నిలబడింది. తోక పక్కకి తిప్పింది. చూస్తుండగానే జత కుదిరింది. తిసోన్ కిందికి దిగి అటు తిరిగాడు. అంతే, రెండూ వీపూ వీపూ పెట్టుకుని ఇరుక్కుపోయాయి. చిస్పా కుయ్యోమంది.

ఒవిదియో బకెట్‌తో పరుగెత్తుకొచ్చాడు.

"ఆ నీళ్లు పోశావో, నిన్ను నదిలో తోస్తా!"

"ఏడుస్తోంది కదా! మా ఊళ్లో ఇలాగే విడదీస్తారు."

"తప్పు చేస్తారు. లోపల మగదానిది ఉబ్బి బిగుసుకుంటుంది. లాగితే రెంటికీ గాయమే. తిసోన్ మెడ చుట్టూ చెయ్యి వేసి నిమురు. కదలనివ్వకు."

"ఎంతసేపు?"

"వాటిష్టం."

ఇద్దరూ బురదలో మోకాళ్ల మీద కూర్చున్నారు. చెరో కుక్క చేతుల్లో, భుజానికి భుజం తగులుతూ. వాన పెరిగింది. ఒవిదియో తను తొడుక్కున్న పాంచో కంబళి సగం తీసి ఆమె మీద కప్పాడు.

"ఇవన్నీ ఎవరు నేర్పారు?"

"మా తాత. ఒకబ్బాయి నన్ను పెళ్లి చేసుకుంటానన్నాడు. నేను కుక్కల్ని జత కట్టిస్తానని తెలిసి, ఆడపిల్లకి సిగ్గుండాలి అని వెళ్లిపోయాడు."

"పోయి మంచి పని చేశాడు."

"ఏం?"

"ఈ పాంచో ముగ్గురికి చాలదు."

ఆమె పకపకా నవ్వింది. కళ్లు తుడుచుకుంది. వాన నీళ్లో ఏమో, అతను అడగలేదు. కాసేపటికి కుక్కలు వాటంతట అవే విడిపోయి, ఒళ్లు నాక్కుంటూ పడుకున్నాయి.

ఇంకోసారి జత కట్టాక చిస్పా తిసోన్‌ని దగ్గరికి రానివ్వడం మానేసింది. ఒవిదియో రావడం మాత్రం మానలేదు.

"చిస్పా పని అయిపోయి వారమైంది. ఆ అబ్బాయికి ఎవరూ చెప్పలేదా?" అంది ఎర్సీరా.

"నేనే చెప్పలేదు నాయనమ్మా."

రెండు నెలలు గడిచాక పొయ్యి పక్కన గోనె మీద నాలుగు పిల్లలు పుట్టాయి. అవి కళ్లు తెరిచేసరికి కత్తిరింపులు ముగిశాయి. కాపరులంతా ఊళ్లకు బయల్దేరారు. ఒవిదియో సంచీ భుజాన వేసుకుని వచ్చాడు.

"మగకుక్క గలవాడిదే మొదటి పిల్ల, అది ఆనవాయితీ. ఏది కావాలో చెప్పు, పాలు మరిచాక పంపిస్తా," అంది యాస్నా, అతని వైపు చూడకుండా.

"వద్దు."

"ఎందుకు?"

"పిల్లని తీసుకుంటే మన లెక్క తీరిపోతుంది. అది తీరిపోవడం నాకిష్టం లేదు. యాస్నా, నాకు ఇక్కడే ఉండాలనుంది. నీ దగ్గర."

ఆమె లేచి అతని భుజం మీది సంచీ తీసి, తలుపు వెనక మేకుకి తగిలించింది.

వంటగదిలోంచి ఎర్సీరా కేక వేసింది. "అబ్బాయికీ కంచం పెట్టనా?"

"పెట్టు నాయనమ్మా," అంది యాస్నా. "రోజూ పెట్టు."