పళ్ళు కొరికే సందు

రెండు కాలేజీల ప్రహరీల మధ్య ఓ సందు ఉంది. పగలు చూస్తే రెండు గోడలు, నాలుగు పిచ్చిమొక్కలు, అంతే. చీకటి పడిందా... ఆ సందు పేరెత్తితే హాస్టల్ పిల్లలు మాట మార్చేస్తారు.

ఈ మధ్య రాత్రిళ్ళు అక్కడ ఏదో పళ్ళు కొరుకుతోందట. మనిషికొకసారి. ఒక్కరు వెళ్తే ఒకసారి, ముగ్గురు వెళ్తే మూడుసార్లు. సైకిలెక్కి పరుగు తీసినా వదలదట. నేను విన్నది విన్నట్టు చెప్తున్నా, నమ్మడం మీ ఇష్టం.

ఆ రోజుల్లోనే, సరిగ్గా అక్కడే, దారుల సర్వే చేసే ఓ అమ్మాయికి పది రాత్రుల డ్యూటీ పడింది. ఎంతమంది నడుస్తున్నారో, ఎన్ని సైకిళ్ళు పోతున్నాయో లెక్క తియ్యాలి. పది రాత్రుల్లో ఏ ఒక్క రాత్రైనా వంద దాటితే, లైట్లు పెట్టి, రెండు కాలేజీలనూ కలుపుతూ మంచి దారి వేస్తారు. లేదంటే సందుకి అడ్డంగా గోడ కట్టేస్తారు.

ఆ దారి ఆమెకు ప్రాణంతో సమానం. వాళ్ళమ్మ అవతలి కాలేజీ హాస్టల్లో వంట చేస్తుంది, ఇల్లేమో ఇవతల. సందులోంచి పది నిమిషాలు. దెయ్యం భయంతో ఇప్పుడు మెయిన్ రోడ్డు చుట్టూ గంట నడిచి, మోకాళ్ళు పట్టుకుని ఇల్లు చేరుతోంది. ఆ కాళ్ళకు రోజూ కూతురే మందు రాసేది.

మొదటి రాత్రి ఎనభై ఎనిమిది. తర్వాత నలభై... పన్నెండు... మూడు. దెయ్యం ఆమె లెక్కని నమిలేస్తోంది. వింతేమిటంటే, జనానికి కనపడకుండా, దీపం లేకుండా గోడవార నక్కి కూర్చున్న ఆమెకు పళ్ళ చప్పుడు ఒక్కసారీ వినపడలేదు. డ్యూటీలో ఉన్నవాళ్ళ జోలికి రాదేమోలే అని సరిపెట్టుకుంది.

ఆఖరి రాత్రి. పది కావస్తోంది. లెక్క — సున్నా.

అడుగుల చప్పుడు... ఒక కాలు ఈడుస్తూ... దగ్గరగా... ఇంకా దగ్గరగా...

టక్.

అడుగులు ఆగిపోయాయి. చీకట్లోంచి వణికే గుసగుస — "కొరుక్కో... ఎంతసేపు కొరుక్కుంటావో కొరుక్కో. నా కూతురు ఇక్కడే ఎక్కడో ఉంది. దాని జోలికొచ్చావో, ఊరుకోను."

"అమ్మా...?"

"ఎక్కడున్నావే?"

"ఇక్కడే. చప్పుడు... నేనే."

అరచేతిలో కౌంటర్. మనిషి దాటితే ఒక నొక్కు — టక్. అలవాటు పడ్డ చెవికి ఆ చప్పుడు ఎప్పుడో వినపడటం మానేసింది. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి.

"అంటే, ఇన్నాళ్ళూ నన్ను ఊరు చుట్టూ తిప్పింది నువ్వా?"

"ఎవరికీ కనపడకూడదని రూలమ్మా."

"నీ రూలు తగలెయ్య." అమ్మ అక్కడే చతికిలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తర్వాత ఫోను తీసి, హాస్టల్ పిల్లలకు మెల్లగా చెప్పింది — "దెయ్యం దొరికిందర్రా. చూడాలనుంటే ఇప్పుడే రండి."

నడిచి వచ్చారు, సైకిళ్ళ మీద వచ్చారు. ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళి, టక్కుమంటోందో లేదో చూడ్డానికి మళ్ళీ వెనక్కి వచ్చారు. నొక్కీ నొక్కీ ఆమె బొటనవేలు వాచింది.

పదకొండింటికి కౌంటర్లో మూడు వందల పన్నెండు. ఇది న్యాయమేనా అని ఆమెకు అనుమానం వచ్చింది. ఫారం మీద టార్చి వేసి పైనుంచి కిందిదాకా చదివింది — తేదీ, టైము, ఎటు నుంచి ఎటు, నడకా సైకిలా. ఎందుకొచ్చారో రాయమన్న గడి ఎక్కడా లేదు.

సంతకం పెట్టేసింది.