స్టూలు కింద చీటీ

తలుపు కొట్టకుండానే నాలుగో నంబరు సాధన గదిలోకి వచ్చేశాడు ఆ మనిషి. చేతిలో స్పానర్ లాంటిదేదో ఉంది. భుజాన సంచి.

"ఇది నా గంట. రిజిస్టర్లో సంతకం ఉంది, చూసుకోండి," అన్నాను.

"చూశానండీ. నేను పియానో ట్యూనర్‌ని, శ్రుతి చెయ్యాలి. పది నిమిషాలు చాలు. ఈ పియానో సంగతి ఒకటి చెప్పాలి..."

"పియానో సంగతి పియానోకే చెప్పుకోండి, నా గంట అయ్యాక. నాకు రోజుకి దొరికేదే ఒక్క గంట."

నన్నోసారి, నా చేతిలో ఉన్న పాట కాగితాల్నోసారి చూశాడు. "అలాగే, నాలుగో గదిగారూ," అని తలుపు మెల్లగా వేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు పియానో మూత మీద మడతపెట్టిన చీటీ. క్షమాపణ అయుంటుందిలే అనుకుని విప్పనైనా లేదు. అక్కడున్న స్టూలుకి ఒక కాలు పొట్టి, కూర్చుంటే టకటకా ఊగేది. చీటీని ఇంకో మడతపెట్టి దాని కింద దోపాను. కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

పైకి అంత గీర చూపించానేగానీ లోపలంతా దడే. నాన్న దర్జీ. పదో తరగతితో బడి మానేసి మూడేళ్ళు ఆయన పక్కన రెండో మిషన్ తొక్కాను. పాటల కాలేజీలో సీటొస్తే ఆయన ఒకే మాట అన్నారు.

"ఒక్క సెమిస్టర్ పంపిస్తా. పరీక్ష పాటకి అరవై మార్కులొస్తే అక్కడే చదువుకో. ఒక్కటి తగ్గినా వచ్చి మిషన్ మీద కూర్చో. ఏడుపులు ఉండకూడదు."

ఆ పరీక్ష పాటేమో ఎవరికి వాళ్ళు సొంతంగా నేర్చుకోవాలి. ముందుగా టీచర్లకి వినిపించకూడదు. పరీక్షరోజు పెద్ద హాల్లో కాలేజీ పియానో మాస్టారు వాయిస్తే, ఇద్దరు ఎగ్జామినర్ల ముందు పాడాలి. మూడు చరణాలు. మూడో చరణం చివర ఒక పై స్వరం. దాన్ని అందుకునేసరికి రోజూ గోడ అంచు మీద నిలబడ్డట్టుండేది నాకు.

ఒకరోజు పెద్ద వాన. పాడుతూ కిటికీలోంచి చూద్దునుగదా, ట్యూనర్‌గారు చూరు కింద నిలబడి సగం తడుస్తున్నారు.

"లోపలికి రావచ్చుగా?"

"మీ గంట కదండీ. నాకు ప్రాణభయం ఉంది."

నవ్వొచ్చేసింది. ఆరోజు లోపలికి పిలిచింది మొదలు వారానికి రెండుసార్లు, తర్వాత మూడు, తర్వాత లెక్కపెట్టడం మానేశాను. తను వాయించేవాడు, నేను పాడేదాన్ని. నేను "స్పానర్" అని పిలిచేదాన్ని. తను "గదిగారూ" అనేవాడు. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ గుర్తులేదు.

పరీక్షరోజు పొద్దున్నే హాలుకెళ్ళాను. స్పానర్ అప్పుడే అక్కడి పియానో శ్రుతి చేసి సంచి సర్దుకుంటున్నాడు.

"మొదటి స్వరం ఇవ్వవా, ఒక్కసారి."

ఇచ్చాడు. అందుకోబోయి ఆగిపోయాను. "ఇదేంటి, ఎక్కువగా ఉంది?"

"ఎక్కువేం కాదు, ఇదే సరైన శ్రుతి. మీ గదిలోదే అర మెట్టు కింద ఉంటుంది. అవి పాత తీగలు, పైకి లాగితే తెగుతాయి. చీటీలో రాశాగా?"



"స్పానర్... ఆ చీటీ స్టూలు కింద ఉంది."

"కింద పడిందా?"

"నేనే పెట్టాను. స్టూలు ఊగుతోందని."

"చదివే ఉంటావు, మాస్టారికి చెప్పే ఉంటావు అనుకున్నాను. అన్ని రోజులు పక్కనే కూర్చుని ఒక్కసారైనా నేను అడగలేదు చూడు. ముందు ఆ పై స్వరం పాడు."

పాడాను. గొంతు పాత గుడ్డలా చర్రున చిరిగింది.

పియానో మాస్టారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "కాగితంలో ఉన్నదే వాయిస్తానమ్మా. ఇప్పటికిప్పుడు కిందకి దించడం నా వల్ల కాదు," అన్నారు.

వెనక్కొచ్చేసరికి చివరి వరసలో నాన్న. మెడలో టేపు అలాగే ఉంది, కొట్లోంచి లేచి నేరుగా వచ్చినట్టున్నారు. పక్కన ఖాళీ పెట్టె, నా సామాను కోసం.

"నేను వాయిస్తా," అన్నాడు స్పానర్. "మొత్తం అర మెట్టు దించి. కాగితంలో ఉన్న ప్రతి స్వరానికీ దాని ఎడమ పక్క మీట నొక్కాలి, అంతే."

"ఎప్పుడైనా చేశావా?"

"లేదు."

నా పేరు పిలిచారు.

ఎగ్జామినర్ మేడమ్ కళ్ళజోడు మీంచి చూసింది. "ఎవరమ్మా ఈ అబ్బాయి?"

"పియానో ట్యూనర్, మేడమ్. నాకు ఇతనే వాయిస్తాడు, అర మెట్టు దించి."

"శ్రుతి నీ ఇష్టం, మనిషీ నీ ఇష్టం. అతను తప్పితే మాత్రం పోయేది నీ మార్కులే."

మొదటి చరణం గట్టెక్కింది. రెండోది కూడా. మూడో చరణానికి కాగితం తిప్పాడు. తిప్పే తొందరలో దించి వాయించాలన్నది మరిచిపోయాడు. అంతే! కాగితం ఎలా చెప్తే చేతులు అలా నడిచాయి. పక్క మీటలు కాదు, అసలు మీటలే. అర మెట్టు పైకి.

తన చెవులు ఎర్రబడటం చూశాను. ఆపితే పరీక్ష పోతుంది. నేను కిందే ఉండిపోతే ఇద్దరం చెరో దారి అయిపోతాం. ఆలోచించడానికి సగం ఊపిరి కూడా లేదు. తను ఉన్న చోటికి ఎక్కేశాను.

పై స్వరం వచ్చేసింది. భయపడటానికి టైము లేకపోయింది మరి. పొద్దున చిరిగిన చోటే గొంతు నిలబడింది, చివరిదాకా.



"మూడో చరణం పైకెత్తడం ఎవరి ఆలోచన?" అంది మేడమ్.



"ఇద్దరిదీ, మేడమ్," అన్నాను. తప్పు ఇద్దరిదీ కాబట్టి అబద్ధమేమీ కాదు.

డెబ్బై ఒకటి వేశారు.

వరండాలో గోడకి ఆనుకుని నిలబడ్డాడు తను. "కొంప ముంచేసేవాణ్ణే. నువ్వు ఆపేయాల్సింది. మాస్టారు వచ్చి మళ్ళీ మొదలుపెట్టేవారేమో."

"నువ్వు వెళ్ళిపోతుంటే నేనెలా ఆగుతాను?"

అన్నాకగానీ నాకే అర్థం కాలేదు ఏమన్నానో. తను తలెత్తి చూశాడు. ఈసారి నా చెవులు వేడెక్కాయి.

"ఇంకోసారి అను."

"నా గంట అయిపోయింది."

వెనక దగ్గు వినిపించింది. ఖాళీ పెట్టె పట్టుకుని నాన్న. స్పానర్‌ని పైనుంచి కిందిదాకా చూశారు, గుడ్డ తాను చూసినట్టు.

"ఆ చొక్కా ఎవరు కుట్టారు బాబూ?"

"రెడీమేడండీ."

"భుజాలు జారిపోతున్నాయి." నావైపు తిరిగారు. "సెలవులకి వచ్చేటప్పుడు వెంటబెట్టుకురా అమ్మా. కొలతలు తీసుకుంటా." ఖాళీ పెట్టె ఖాళీగానే పట్టుకుని మెట్లు దిగిపోయారు.

ఆ కాలేజీలో నేను చదివింది మూడు సెమిస్టర్లే. ఆపింది నాన్న కాదు, పెళ్ళయ్యాక పుట్టిన మా పాప. అయినా గుర్తున్నదల్లా ఆ మొదటిదే.

నాలుగో గది పియానోని కాలేజీ తీసేస్తుంటే ఈయన, అదే నా స్పానర్, ఇంటికి తెచ్చుకున్నారు. పాప దాని మీదే పాటలు నేర్చింది. రేపు కొత్త బళ్ళో చేరుతోంది. నాకు మూడు రోజులుగా నిద్రలేదు.

"అక్కడి పియానో సరైన శ్రుతిలో ఉంటే? పిల్ల అందుకోలేక అందరి ముందూ ఏడిస్తే?"

"దానికి అర మెట్టు ఓ లెక్కా, నీ కూతురు! సరే, టీచరుకి చీటీ రాసిస్తాలే." రాసి, మడతపెట్టి నా చేతిలో పెట్టారు. "నువ్వే తీసుకెళ్ళి ఇవ్వు. దారిలో ఏ స్టూలు ఊగినా ఆగకు."