పాత కాటా దగ్గర మూడు చప్పుళ్ళు

రాత్రి పది దాటాక, పాత కాటా దగ్గరున్న మలుపులో బండి నెమ్మది చెయ్యొద్దంటారు.

వినడానికి విడ్డూరమే. మలుపన్నాక ఎవరైనా నెమ్మది చేస్తారు. కానీ అక్కడ యాక్సిలరేటరు మీంచి కాలు ఎత్తితే... వెనకాల ఇంకో బండి కూడా అలాగే నెమ్మదించిన చప్పుడు వినిపిస్తుందట. తిరిగి చూస్తే రోడ్డు ఖాళీ.

ఒకప్పుడు లారీలని తూకం వేసిన కాటా అది. మూతపడి ఏళ్ళయింది. ఇనప పలక తుప్పు పట్టి ఓ పక్కకి ఒరిగింది. గుమస్తా కూర్చునే గదికి మూడు గోడలే మిగిలాయి. నాలుగోది కిందటేడు ఒక కారు గుద్దుకుని కూలిపోయింది.

ఆ కారులో ఒక కుర్రాడు పోయాడు. పాతికేళ్ళు నిండలేదు.

అప్పట్నుంచే ఆ చోటికి చెడ్డపేరు. పేరెలా వచ్చిందో అందరూ చెప్తారు గానీ, ఆ పేరు వెనకాల ఏముందో తెలిసినవాడు ఆ ఊళ్ళో ఒక్కడే. ఇది ఆయన కథ. విన్నవాళ్ళు చెప్పింది చెప్పినట్టు...

ఆయన కార్లకి చిప్పులు వేసేవాడు.

ఇప్పటి కార్లలో ఇంజను పక్కన అరచేయంత పెట్టె ఒకటి ఉంటుంది. ఇంజను కంప్యూటరు. ఎప్పుడు ఎంత పెట్రోలు పొయ్యాలో, ఎప్పుడు నిప్పురవ్వ రాజెయ్యాలో కంపెనీవాళ్ళు అందులో లెక్కలు రాసి పంపిస్తారు. ఆ లెక్కలకే మ్యాప్ అని పేరు. ఈయన ఆ లెక్కలు చెరిపి సొంత లెక్కలు రాసేవాడు. పిల్లిలా వచ్చిన బండి ఆయన షెడ్డులోంచి పులిలా వెళ్ళేదని చెప్పుకునేవారు.

బావమరిది ఆయన్ని ఆటపట్టించేవాడు. అందరూ వ్యాపారం పెట్టి చేతికి చిప్ప తెచ్చుకుంటే, మా బావ చిప్పుతోనే వ్యాపారం పెట్టాడని.

ఆ బావమరిదే, పోయిన కుర్రాడు.

ఆయన భార్యకి తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్ళు. అక్కే పెంచింది. పెళ్ళయ్యాక కూడా వాడు అక్క చెయ్యి పట్టుకునే ఈ ఇంట్లో అడుగుపెట్టాడు. ఈయన కూడా వాణ్ణి బావమరిదిలా ఎప్పుడూ చూడలేదు. కొడుకులాగే చూశాడు.

టైర్ల ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు వాడిది. ఇల్లు చేరేసరికి రాత్రి పదిన్నర, పదకొండు. అంతవరకూ అక్కకి కునుకు పట్టేది కాదు. వీధిలో ఏ బండి మలుపు తిరిగినా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళేది. వాడు కాకపోతే మళ్ళీ వచ్చి పడుకునేది. మళ్ళీ లేచేది.

ఒక ఆదివారం వాడు షెడ్డుకొచ్చి బావని అడిగాడు. నా బండికి ఒక చప్పుడు పెట్టు బావా... ఊళ్ళో ఇంకే బండికీ ఉండని చప్పుడు. వీధి చివర వినగానే అక్కకి నేనేనని తెలిసిపోవాలి. లేవకుండా పడుకుంటుంది.

ఆయన రెండు రోజులు కూర్చుని రాశాడు. కాలు తియ్యగానే ఇంజనులో ఇంకా పెట్రోలు పడేటట్టు, అది పొగగొట్టంలో పేలేటట్టు. టప్-టప్... టప్. మొదటి రెండూ జంటగా, కాస్త ఆగి మూడోది. తలుపు కొట్టినట్టు ఉండేది.

ఆ రాత్రి నుంచి ఆవిడ కిటికీ దగ్గరికి లేవడం మానేసింది. మూడు చప్పుళ్ళు వినేది, నవ్వుకునేది, అటు తిరిగి పడుకునేది.

నాలుగు నెలలు గడిచాయి. ఒక వానరాత్రి... చప్పుడు రాలేదు.

అతివేగమన్నారు అందరూ. ఆయన మాత్రం మౌనంగా ఉండిపోయాడు. ఎందుకంటే ఒక సంగతి ఆయనకి తెలుసు.

మామూలు బండిలో కాలు తియ్యగానే ఇంజనుకి పెట్రోలు ఆగిపోతుంది. అప్పుడు ఇంజనే బండిని వెనక్కి పట్టుకుంటుంది, బ్రేకుకి తోడుగా. కానీ చప్పుడు రావాలంటే పెట్రోలు ఆగకూడదు. అంటే ఆ పట్టు సడలుతుంది. ఒకటి, ఒకటిన్నర క్షణం... బండి ముందుకే పోతుంది. పొడి రోడ్డు మీద అది లెక్కలోకి రాదు. తడి మలుపులో?

వాడు కాలు తీసే ఉంటాడు. జాగ్రత్త గలవాడు. తీసినా బండి ఆగి ఉండదు. అది తను రాసిన లెక్క.

ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. భార్యతో అసలే అనలేదు. షెడ్డులో చిప్పుల పని మానేసి మామూలు రిపేర్లు చేసుకుంటున్నాడు. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. వాడొచ్చే ఆ వేళకి ఇంట్లో ఉండలేక సాయంత్రం డ్యూటీ అడిగి వేయించుకుంది. పదింటికి దిగి టాక్సీలో వచ్చేది. ఈమధ్య ఇరవై నిమిషాల దారికి ఒక్కోరోజు గంట పట్టేది. ఎందుకని ఆయన అడగలేదు. ఒకే కప్పు కింద ఇద్దరూ చెరో గోడకి చేరబడ్డట్టు బతుకుతున్నారు.

పదకొండు నెలలు అలాగే గడిచాయి.

ఒక సాయంత్రం హెడ్‌లైటు మార్పించుకోడానికి ఒకతను షెడ్డుకొచ్చాడు. చీకటి పడకముందే ఇచ్చెయ్యమని కంగారు పెట్టాడు. కాటా మలుపు దాటాలట. మొన్న తను విన్నాడట. అందరూ చెప్పే చప్పుడే.

ఎలాంటి చప్పుడని ఈయన మాటవరసకి అడిగాడు.

అతను బానెట్ మీద వేలితో కొట్టి చూపించాడు. రెండు దెబ్బలు... ఆగి, ఒకటి.

ఈయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, ఇంకోసారి కొట్టి చూపించమన్నాడు.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకి ల్యాప్‌టాప్ పక్కసీట్లో పెట్టుకుని బయల్దేరాడు. దెయ్యాల మీద ఆయనకి నమ్మకం లేదు. వాడి బండిలోని ఇంజను పెట్టె పాడై ఉండదు, తుక్కువాళ్ళు అమ్మి ఉంటారు, ఎవరో కొని తగిలించుకుని ఉంటారు. అంతే. ఆ బండిని పట్టుకోవాలి. ఆ మ్యాప్ చెరిపెయ్యాలి. వానాకాలం మళ్ళీ వచ్చేలోపు... ఇంకో ఇంట్లో ఇంకెవరూ కిటికీ దగ్గర నిలబడకముందే.

పదకొండు నెలల్లో అటువైపు రావడం అదే మొదటిసారి.

లైట్లు ఆర్పి రోడ్డు పక్కన ఆగాడు. కూలిన గోడ ఇటుకలు ఇంకా అలాగే ఉన్నాయి. ఎవరూ ఎత్తలేదు. ఓ లారీ పోయింది. తర్వాత ఓ మోటారు సైకిలు, ఊపిరి బిగబట్టినట్టు పరుగు తీస్తూ. ఆ తర్వాత ఏమీ లేదు... ఇనప పలక కింద గాలి దూరి మూలుగుతోంది.

పదిన్నర.

దూరంగా వెలుగు. నెమ్మదిగా వస్తోంది. మలుపు మొదట్లో ఇంజను గొంతు తగ్గింది, కాలు తీశారు—

టప్-టప్...

ఆయన డోరు పిడి పట్టుకున్నాడు.

టప్.

ఎలా దిగాడో, ఎలా పరిగెత్తాడో ఆయనకే తెలీదు. రోడ్డుకి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. బండి కీచుమని ఆగింది. టాక్సీ. బావమరిది బండి మోడలే, రంగు వేరు. లోపల తెల్లజుట్టు డ్రైవరు, చేతులు జోడించి దణ్ణం పెడుతున్నాడు.

మనిషినేనని నమ్మించడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత పెద్దాయన అద్దం దించి చెప్పుకొచ్చాడు. అకాల వాననీళ్ళలో తన ఇంజను పెట్టె పాడైతే, రెండు నెలల కిందట ఎవరో మెకానిక్ తుక్కులోంచి ఒకటి తెచ్చి వేశాడట. అప్పట్నుంచి ఈ దగ్గు.

"ఇంకెక్కడా రాదు బాబూ. ఈ మలుపులోనే."

ఈయనకి అందులో వింత కనపడలేదు. ఈ వాలు, ఈ వేగం, కాలు తీసే తీరు... మూడూ కలిసేది ఇక్కడే కాబోలు. అందుకే జనం ఇక్కడే వింటున్నారు. ఇంత చిన్న సంగతికి ఊరంతా వణికిపోయింది. ఆయనకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఒక్క పది నిమిషాలు ఇస్తే ఆ దగ్గు తీసేస్తానన్నాడు.

పెద్దాయన ఇబ్బందిగా వెనక్కి చూశాడు.

వెనకసీటు చీకట్లోంచి చాలా మెల్లగా ఒక గొంతు వినిపించింది.

"తీసెయ్యకండి."

ఆ గొంతు ఆయనకి తెలుసు. పదహారేళ్ళుగా తెలుసు.

నర్సు బట్టల్లోనే ఉంది ఆయన భార్య. సంచీ ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో దాన్ని పట్టుకుని కూర్చుంది. ఆయన్ని చూసి ఆశ్చర్యపోలేదు. ఎప్పటికైనా వస్తారనుకున్నట్టే చూసింది.

రెండు నెలల కిందట ఒకరోజు అనుకోకుండా ఈ టాక్సీ ఎక్కిందట. అసలు దారి తవ్వేశారని ఆ రోజు ఇటు తిప్పాడు పెద్దాయన. మలుపులో ఆ చప్పుడు విని, ఇంటికెళ్ళేదాకా నోట్లో రుమాలు కుక్కుకుందట. మర్నాటి నుంచి ఈ టాక్సీనే రమ్మంటోంది, ఈ దారినే పొమ్మంటోంది. మలుపు దగ్గర కాలు తియ్యమని చెప్పడం తప్ప ఇంకో మాట మాట్లాడదని పెద్దాయన అన్నాడు.

ఆయన డోరు పట్టుకుని నిలబడిపోయాడు. చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని తెలిసిపోయింది.

"ఈ చప్పుడే వాణ్ణి తీసుకెళ్ళింది," అన్నాడు.

అంతా చెప్పాడు. పెట్రోలు ఆగకపోవడం, పట్టు సడలడం, ఒకటిన్నర క్షణం... తల ఎత్తకుండా, మధ్యలో ఆగకుండా చెప్పాడు. పెద్దాయన మొహం అటు తిప్పుకున్నాడు.



"ఆ చప్పుడు వాడే పెట్టమన్నాడు కదూ?" అంది ఆవిడ.

"నీకోసమే అడిగాడు. నువ్వు లేవకుండా పడుకోవాలని."

ఆవిడ తలూపింది. నిద్ర పట్టడం లేదురా, నువ్వొచ్చినట్టు నాకెలా తెలుస్తుందని వాణ్ణి అడిగింది తనేనంది. ఆ మాట తనూ ఎవరికీ చెప్పలేదంది. ఇద్దరూ ఒకే బరువుని చెరో గదిలో మోశారు.

కాసేపటికి ఆవిడ జరిగి, సీట్లో చోటిచ్చింది.

"ఒక్కసారి మీరూ వినండి. తర్వాత తీసేద్దురుగాని."

ఆయన ఎక్కాడు. పెద్దాయన బండి వెనక్కి తిప్పి, దూరం వెళ్ళి, మళ్ళీ మలుపు వైపు వచ్చాడు. మలుపు మొదట్లో ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. పెద్దాయన కాలు తీశాడు.

టప్-టప్... టప్.

సీటు కింద నుంచి వెన్నులోకి తగిలింది ఆయనకి. పొరపాటుకి తావే లేదు. తను రెండు రోజులు కూర్చుని రాసిందే.

పాత కాటా పక్కన బండి ఆపించి, ఇంజను కట్టేయించి, ల్యాప్‌టాప్ తెచ్చి కనెక్ట్ చేశాడు. తెర మీద పెట్టె నంబరు వచ్చింది. అదే పెట్టె. ఆ నంబరు ఆయనకి కంఠతా వచ్చు.

కింది వరస చదివాడు. మళ్ళీ చదివాడు. వైరు పీకి, మళ్ళీ పెట్టి, మొదట్నుంచి చదివాడు.

"ఏమైందండీ?"

ఆయన లెక్కల పట్టిక తెరిచి, వేలు పెట్టి ఒక్కో గడీ చూసుకుంటూ పోయాడు. కాలు తియ్యగానే పెట్రోలు సున్నా. సున్నా. సున్నా. కంపెనీ లెక్కలు. ఈ లెక్కలతో ఆ ఇంజను పేలడమన్నది జరగదు. తుక్కువాళ్ళు అమ్మేముందు అంతా చెరిపి, కంపెనీ మ్యాప్ రాసేశారు. రాసిన తేదీ కూడా ఉంది. వాడు పోయిన పదో రోజు.

"ఇందులో లేదు," అన్నాడు. "నేను రాసింది... ఇందులో లేదు. ఎప్పుడో చెరిపేశారు."

"మరి ఇందాక మనం..." అని పెద్దాయన మొదలుపెట్టి, ఆగిపోయాడు. తాళంచెవి ఆయన చేతిలోనే ఉంది. దాన్ని గట్టిగా పట్టుకుని రెండడుగులు బండికి దూరంగా జరిగాడు.

ఆవిడ దిగింది. మలుపు వైపు చూసింది. రోడ్డు ఖాళీగా ఉంది. అక్కడే కింద కూర్చుని, పదకొండు నెలల్లో మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. ఆయన పక్కన కూర్చుని ఆవిణ్ణి పొదివి పట్టుకున్నాడు.

ఆ ఏడుపులో ఆయనకి ఒక్క మాటే అర్థమైంది.

"వచ్చాడండీ... రోజూ వచ్చాడు. ఇల్లే దొరకలేదు వాడికి."